కృష్ణాతీర ఆరోగ్యశాలలు – వస్తికర్మ: ఆధారాలు, హద్దులు

పల్నాడు జిల్లా అచ్చంపేట మండలాన్ని ఆనుకొని కృష్ణానది ప్రవహిస్తుంది. ఈ నదికి ఎగువన ఇక్ష్వాకుల నాగార్జునకొండ, దిగువన అమరావతి దాటిన తరువాత మందడం సమీపంలోని మల్కాపురం ఉన్నాయి. ప్రాచీనాంధ్ర వైద్యచరిత్రలో తరచుగా ఉదాహరించే శాసనాలు ఈ రెండుచోట్లా లభించాయి. నాగార్జునకొండ శాసనఖండంలోని ‘విగతజ్వరాలయ’ పదాన్ని పరిశోధకులు రోగుల వసతిగా అన్వయించారు. రుద్రమదేవి కాలపు మల్కాపుర శాసనం (క్రీ.శ. 1261) విశ్వేశ్వర శివాచార్యుల గోళకీమఠానికి అనుబంధంగా ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొంటుంది. ఈ ఆధారాలతో ఇక్కడ వస్తికర్మ జరిగేదని చెప్పవచ్చునా అన్నది విచారణీయం.

వస్తి అంటే మూత్రాశయం. ఎద్దు, దున్న, మేక వంటి జంతువుల మూత్రాశయాన్ని శుద్ధిచేసి, దానికి గొట్టం బిగించి, ఔషధాన్ని గుదమార్గాన పంపడం వల్ల చికిత్సకు ఆ పేరు వచ్చింది. కషాయప్రధానమైనది నిరూహం, స్నేహప్రధానమైనది అనువాసనం. నిరూహద్రవ్యాన్ని తేనె, సైంధవలవణం, తైలం, కల్కం, కషాయం అనే వరుసలో కలపాలని వాగ్భటుడు విధించాడు. వాతానికి ప్రధానస్థానం పక్వాశయం కనుక అక్కడ దాన్ని జయిస్తే శరీరమంతటా శమిస్తుందన్నది సిద్ధాంతం. మలబద్ధానికే కాక కీళ్ల నొప్పులకూ ఇదే చికిత్స చెప్పడంలోని తర్కం అదే. మనస్సును నియమించేది, నడిపించేది కూడా వాయువే అని చరకుడు భావించాడు. ఉన్మాదచికిత్సలో నిరూహానికి చోటు దక్కడం అందుకు అనుగుణంగానే ఉంది. ఇది శాస్త్రకారుల వివరణ మాత్రమే. నేటి వైద్యనిరూపణగా దాన్ని చదవరాదు.

శాస్త్రంలో ఇంత ప్రాధాన్యం ఉన్నంత మాత్రాన ప్రతి ఆరోగ్యశాలలోనూ ఈ చికిత్స జరిగిందనుకోవడం తొందరపాటు. బౌద్ధవిహారాల విషయంలో ఒక ప్రతికూలాంశమూ ఉంది. పాళీ వినయపిటకంలోని మహావగ్గం ప్రకారం, రాజగృహంలో ఆకాశగోత్రుడనే వైద్యుడు ఒక భిక్షువు భగందరానికి శస్త్రచికిత్స చేసిన సందర్భంలో, గుహ్యస్థానం చుట్టూ రెండంగుళాల మేర శస్త్రకర్మను, వస్తికర్మను బుద్ధుడు నిషేధించాడు. అయితే ఇది థేరవాదుల వినయం. నాగార్జునకొండలో మహీశాసకులు, బహుశ్రుతీయులు, అపరమహావినశైలీయులు కూడా ఉండేవారు. ఒక నికాయపు నియమాన్ని అందరికీ ఆపాదించలేం. అలాగని దాన్ని విస్మరించి ‘విగతజ్వరాలయ’లో పంచకర్మశాలను ఊహించడమూ సరికాదు. ప్రాంతాభిమానంతో రాసే వైద్యచరిత్రలు ఈ మెట్టును దాటవేస్తుంటాయి.

మల్కాపురం శైవక్షేత్రం గనుక అక్కడ ఈ నిషేధం వర్తించదు. అక్కడి శాసనం వైద్యుని, లెక్కలు రాసే కాయస్థుని ప్రస్తావిస్తుంది గాని చికిత్సాపద్ధతులను వివరించదు. అది దానశాసనం, గ్రామాదాయ విభజనే దాని ప్రయోజనం. వస్తి జరిగే అవకాశం ఉంది, సాక్ష్యం లేదు.

ఇక మిగిలేది వస్తుసాక్ష్యం. తోలుసంచి మట్టిలో నిలవదు, లోహపు నేత్రం నిలవవచ్చు. చరకసంహిత సిద్ధిస్థానం దాని కొలతలను స్పష్టంగా ఇచ్చింది: ఆరేళ్లవారికి 6 అంగుళాలు, పన్నెండేళ్లవారికి 8, ఇరవయ్యేళ్లవారికి 12. ఆవుతోకలా సన్నబడే ఆకారం, మూడు కర్ణికలు, పెసరగింజ మొదలు చిన్న రేగుపండు వరకు పట్టే రంధ్రం. నాగార్జునకొండ, అమరావతి తవ్వకాల సామగ్రిలో లోహపు గొట్టాలేవైనా ఉంటే, వాటిని ఈ కొలతలతో పోల్చి చూడవలసి ఉంది.