బిట్‌కాయిన్ కోర్‌లో ప్రైవేట్ కీ దిగుమతి

ప్రైవేట్ కీ దిగుమతి అంటే వేరేచోట తయారైన రహస్య కీని కమాండ్ లైన్ ద్వారా బిట్‌కాయిన్ కోర్ వాలెట్‌లో చేర్చడం. ఇందుకు వాడిన ‘ఇంపోర్ట్‌ప్రివ్‌కీ’ ఆదేశం 2012 మార్చిలో 0.6.0 వెర్షన్‌తో వచ్చింది.

కీ అసలు 256 బిట్ల సంఖ్య. దాన్ని బేస్58 రూపంలో రాస్తారు. చూపుకు ఒకేలా ఉండే సున్నా, పెద్ద ‘ఓ’, పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’ అందులో ఉండవు. కుదించిన పబ్లిక్ కీకి చెందినదైతే 52 అక్షరాలుండి ‘కె’ లేదా ‘ఎల్’తో, కాకుంటే 51 అక్షరాలుండి 5 అంకెతో మొదలవుతుంది. చివరి 4 బైట్ల చెక్‌సమ్ రాతలోని పొరపాటును పట్టేస్తుంది.

ఈ ఆదేశంతో దిగుమతి కాగానే వాలెట్ పాత లావాదేవీల కోసం బ్లాక్‌చెయిన్‌ను మొదటినుంచీ గాలించేది. దీనికి ఒక్కోసారి గంటలు పట్టేది. గాలింపు వద్దని ఆదేశంలో ‘ఫాల్స్’ అని ఇస్తే అది జరిగేది కాదు, పాత నిల్వా కనిపించేది కాదు. నాణేలు మాత్రం ఎక్కడికీ కదలవు. వాలెట్‌కు దక్కేది వాటిపై సంతకం చేసే వీలు మాత్రమే. టైప్ చేసిన కీ షెల్ హిస్టరీ ఫైల్‌లో మామూలు అక్షరాల్లోనే మిగిలిపోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం. దిగుమతికి ముందు తీసిన బ్యాకప్‌లో ఈ కీ ఉండదు.

2022 ఏప్రిల్‌లో వచ్చిన 23.0 వెర్షన్ నుంచి కొత్త తరహా ‘డిస్క్రిప్టర్’ వాలెట్లే డిఫాల్ట్. వాటికి ‘ఇంపోర్ట్‌డిస్క్రిప్టర్స్’ వాడాలి. 2025లో వెలువడిన 30.0 పాత తరహా వాలెట్లతోపాటు ‘ఇంపోర్ట్‌ప్రివ్‌కీ’నీ తొలగించింది.