ఉత్తుత్తి బేరం

పోయిన శ్రావణమాసంలో మా మేనకోడలు "అత్తయ్యా, చీరల షాపుకి వెళ్దాం, వస్తావా?" అంది. చీరలంటే కాదనేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి! వెంటనే బయల్దేరాను. తీరా షాపు మెట్లెక్కుతుంటే నా చెయ్యి గిల్లి, "నువ్వు బేరం చెయ్యకు. అడగాల్సినవన్నీ నేనే అడుగుతాను. టైమెంతయిందో మాత్రం చూడు" అంది. నాకేమీ బోధపడలేదు. లోపల పది చీరలు తీయించింది. రంగు పోతుందా అని అడిగింది. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా అని అడిగింది. చివరికి ఓ జాకెట్టు గుడ్డ కొని, బిల్లు మాత్రం బంగారంలా పర్సులో దాచుకుంది. ఇంటికొచ్చాక గానీ అసలు సంగతి చెప్పలేదు. ఆవిడగారు వెళ్ళింది చీర కోసం కాదు, డ్యూటీ మీద!

దీన్నే మిస్టరీ షాపింగ్ అంటారు. షాపు యజమాని తన షాపు ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి ఒక కంపెనీకి డబ్బిస్తాడు. ఆ కంపెనీ మనలాంటివాళ్ళని మామూలు కొనుగోలుదారుల్లా పంపుతుంది. ఎన్ని నిమిషాలకి పలకరించారు, నేల శుభ్రంగా ఉందా, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పారా అన్నీ గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి ఫారం నింపాలి. తాను ఎవరో మాత్రం బయటపడకూడదు. ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటద్దె పోను నెలాఖరుకి ఏమీ మిగలని మా పిల్లకి ఇది వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు.

ఇదేదో కొత్త వింత అనుకున్నాను గానీ, ఆలోచిస్తే చాలా పాత విద్యే. రాజుగారు మారువేషంలో ఊరంతా తిరిగే కథలు మనం అమ్మమ్మల దగ్గర విన్నవే కదా! కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గృహస్థు వేషం, వర్తకుడి వేషం, సన్న్యాసిని వేషం వేసే గూఢచారులు ఉన్నారు.

ఇక ఢిల్లీ సుల్తాను అల్లాఉద్దీన్ ఖిల్జీ సంగతి వినండి. 1296 నుంచి 1316 దాకా ఏలాడు. మన ఓరుగల్లు మీదికి మాలిక్ కాఫూర్‌ని పంపినది ఈయనే. పెద్ద సైన్యాన్ని తక్కువ జీతాలతో పోషించాలని బజారులో ప్రతి సరుకుకీ ధర కట్టాడు. ధర కడితే సరా? ధర పెంచలేనివాడు తూకం తగ్గిస్తాడు, మనకి తెలియనిదా! అందుకని సుల్తాను తన కొలువులోని బానిస పిల్లల చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, రొట్టె, మాంసం, హల్వా లాంటివి కొనుక్కురమ్మని పంపేవాడట. తెచ్చినవాటిని తూచేవారు. ఎంత తగ్గితే అంత మాంసం ఆ దుకాణదారు ఒంట్లోంచి కోసేవారని ఆనాటి చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ రాశాడు. ఆ భయంతో దుకాణదారులు మొగ్గు కాస్త ఎక్కువే తూచేవారట. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆ పిల్లలు చూసింది వ్యాపారి త్రాసుని. లాభపడింది కొనుక్కునే మనిషి.

అక్కణ్ణించి అయిదున్నర శతాబ్దాలు దాటి అమెరికా వెళ్దాం. 1850లలో అక్కడ రైళ్ళు విపరీతంగా పెరిగాయి. రైల్లోనే డబ్బిచ్చి టికెట్టు కొనే ప్రయాణికులు చాలామంది. ఎక్కడో వందల మైళ్ళ దూరంలో కండక్టరు ఆ డబ్బు జేబులో వేసుకుంటే యజమానికి ఎలా తెలుస్తుంది? చికాగోలో డిటెక్టివ్ ఏజన్సీ పెట్టిన అలన్ పింకర్టన్ ఈ కంపెనీలతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. తన మనుషుల్ని ప్రయాణికుల్లా ఎక్కించి కండక్టర్లని కనిపెట్టించాడు. 1856లో కేట్ వార్న్ అనే యువ వితంతువు ఆయన దగ్గరికి వెళ్ళి ఉద్యోగం అడిగింది. గుమాస్తా పనికి కాబోలనుకున్నాడాయన. కాదు, డిటెక్టివ్ పనికే వచ్చానంది. మగవాళ్ళు అడుగుపెట్టలేని చోట ఆడవాళ్ళు రహస్యాలు రాబట్టగలరని వాదించి గెలిచింది. 1861లో లింకన్‌కి ప్రాణగండం ఉందని తెలిసినప్పుడు, ఆయన్ని బాల్టిమోర్ దాటించినవారిలో ఆవిడా ఉంది.

1940ల నాటికి అమెరికాలో షాపులూ బాంకులూ తమ గుమాస్తాల నిజాయితీని ఇలాగే పరీక్షించసాగాయి. మిస్టరీ షాపింగ్ అన్న పేరూ అప్పుడే వాడుకలోకి వచ్చింది. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. సుల్తాను పంపిన పిల్లలు కొనేవాడి తరఫున అమ్మేవాణ్ణి చూశారు. పింకర్టన్ మనుషులు యజమాని తరఫున జీతగాణ్ణి చూశారు. మా మేనకోడలు చేసేది ఈ రెండో పని.

మొదటి పనిని మన దేశంలో నెత్తికెత్తుకున్న ఆడవాళ్ళూ లేకపోలేదు. 1966లో బొంబాయిలో తొమ్మిదిమంది గృహిణులు కలిసి కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపించారు. కల్తీల మీద, మోసాల మీద వినియోగదారుల తరఫున నిలబడ్డారు. వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి, 1986లో.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పని పేరు చెప్పి మోసం చేసేవాళ్ళూ ఉన్నారు. నిజంగా పని ఇచ్చేవాళ్ళు మన దగ్గర ముందుగా రుసుం తీసుకోరు. "ముందు ఇంత కట్టండి, రేపటికి రెట్టింపు ఇస్తాం" అని ఫోన్లో సందేశం వస్తే అది పని కాదు, వల. పొరపాటున పడితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

సరే, మా పిల్ల ఫారం ముందేసుకుని కూర్చుంది. "సేల్స్ గర్ల్ నవ్వుతూ పలకరించిందా?" అని ఓ ప్రశ్న. "లేదని రాయనా అత్తయ్యా? నవ్వలేదుగా" అంది.

నాకు ఆ అమ్మాయి కళ్ళముందు మెదిలింది. చీర మీద చీర పరుస్తూ, కుడికాలి మీంచి ఎడంకాలి మీదకి బరువు మార్చుకుంటూనే ఉంది. మా చిన్నప్పుడు బట్టల కొట్లో తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద అమ్మేవాళ్ళూ కూర్చునేవారు, కొనేవాళ్ళూ కూర్చునేవారు. ఇప్పుడు మనకి మెత్తటి కుర్చీ, వాళ్ళకి నిలువుకాళ్ళ జీతం. కోళికోడ్‌లో దర్జీపని చేసే పి. విజి అనే ఆవిడ షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళని కూడగట్టి, మరుగుదొడ్ల కోసం, కూర్చునే హక్కు కోసం ఏళ్ళతరబడి పోరాడింది. 2018లో కేరళ, 2021లో తమిళనాడు షాపుల చట్టాలు సవరించి, పనిచేసేవాళ్ళకి కూర్చునే వసతి కల్పించాలన్నాయి.

ఈ మాటలే చెప్పాను. మా పిల్ల కాసేపు పెన్ను కొరికింది. "అబద్ధం రాయలేను కదా!" అంది.

"రాయమనలేదే. నవ్వలేదని రాయి. నువ్వు చూసిన మిగతాది కూడా రాయి."

"దానికి గడి లేదు అత్తయ్యా. అడగనిది రాస్తే మళ్ళీ పని ఇస్తారో ఇవ్వరో!"

ఆ మాటా నిజమే. దాని ఇంటి అవసరం నాకు తెలుసు, ఇంకేం మాట్లాడలేదు. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి, ఫారం అడుగున ఖాళీ జాగాలో ఒక ముక్క కనిపించింది: "కౌంటరు వెనక సిబ్బంది కూర్చోవడానికి ఒక్క స్టూలు కూడా లేదు."

ఆ విడత డబ్బు వచ్చింది. రెండో విడత పిలుపు కోసం ఇద్దరం ఎదురుచూస్తున్నాం.