గాయత్రిలో ఇరువదినాలుగవ అక్షరము

ఋగ్వేద తృతీయ మండలమున 62వ సూక్తమందలి 10వ ఋక్కు విశ్వామిత్ర మహర్షి దర్శించిన సావిత్రి. జపమున ముందు చేర్చు వ్యాహృతులు ఆ ఋక్కులోనివి కావు. గాయత్రీ ఛందస్సునకు పాదమునకు ఎనిమిది అక్షరములు. ప్రథమ పాదమున లెక్కించిన ఏడే! "వరేణ్యం" అనుదానిని "వరేణియం"గా గ్రహించి ఛందోవేత్తలు ఆ లోటు పూరించిరి.

విధియజ్ఞముకంటె జపము పదిరెట్లు, ఉపాంశువు నూరురెట్లు, మానసము వేయిరెట్లు అధికమని మనుస్మృతి. యజ్ఞశాలలోని సాధన హృదయమునకు చేరిన తీరు ఇందు కానవచ్చును.

బాల్యమున ఈ అక్షరలోపమును గురించి అడుగగా, మా గురువుగారు "ముందు నెమ్మదిగా జపించు నాయనా" అనిరి. ఆలయద్వారము తెరవవలెనను తొందరలో నేను నూటయెనిమిది ముగించిన ఉదయములెన్నో! సంఖ్య నిండినది; "ధీమహి" వద్ద మనస్సు నిలిచినదా? ఇప్పుడట్టి దినములలో పదియే చేయుదును, మానసముగా.