ఊఁ... ఇంకా?

యంత్రం మనిషిలా మాట్లాడి నమ్మించగలదా అని 1950లో ట్యూరింగ్ ఓ పరీక్ష ప్రతిపాదించాడు. 1966లో ఎంఐటీకి చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలిజా' ప్రోగ్రామ్ గురించి పేపర్ ప్రచురించాడు. మన భాషలో చెప్పాలంటే ఉత్త ప్యాటర్న్ మ్యాచింగ్! 'అమ్మ' అన్న మాట తగిలితే మీ కుటుంబం గురించి ఇంకా చెప్పమంటుంది. ఏదీ తగలకపోతే 'ఊఁ, చెప్పండి'. అర్థమయ్యేది సున్నా.

దాన్ని ఆయన తయారుచేస్తుంటే నెలల తరబడి చూసిన సెక్రటరీయే, దాంతో నాలుగు మాటలు మాట్లాడగానే, ఆయన్ని గదిలోంచి కాస్త బయటికి వెళ్లమందిట!

ఆయన బెంబేలెత్తిపోయి, కంప్యూటర్‌కి అప్పగించకూడని పనులున్నాయంటూ 1976లో ఏకంగా పుస్తకమే రాశాడు.

నవ్వొచ్చింది గానీ, మా అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను చేసేదేంటి? కోడ్ రాసుకుంటూ 'ఊఁ', 'ఇంకా?'. ట్యూరింగ్ పరీక్షలో నేను పాసవుతానా అని అనుమానంగా ఉంది.