రేగ్‌మాల్ నుంచి సాండర్ దాకా

మగ్గాల చప్పుడులో తెల్లారే దుబ్బాకలో చెక్క నునుపు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. నాడె మీద సన్నని పేడు లేచినా పోగు తెగుతుంది.

మొన్న మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "చిచ్చా, దాదా రెహల్ పాలిష్ చేయిస్తా. సాండర్ కొంటున్న. బెల్టుదా, గుండ్రందా?"

"ఆగు బేటా" అన్నాను. అబ్బా నాకు అలిఫ్, బే నేర్పిన రెహల్ అది. ఒకే టేకు పలకను చీల్చి, మడతకీలు కూడా అందులోనే చెక్కిన హునర్. మేకు లేదు, జిగురు లేదు. అంచున తీగ చెక్కుడు.

మన వడ్రంగులు నునుపు చేసే కాగితాన్ని ఉర్దూలో రేగ్‌మాల్ అంటారు. ఫార్సీలో రేగ్ అంటే ఇసుక, మాలీదన్ అంటే రుద్దడం. మలీదా కూడా ఆ ఇంటి మాటే. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు పంచే మా పక్కింటివాళ్లకి ఈ సంగతి చెప్తే తెగ నవ్వారు! రందా, బర్మా, గునియా కూడా ఇలాగే మతం అడక్కుండా మన వడ్రంగి కొట్లలోకి వచ్చేశాయి.

పదమూడో శతాబ్దంలోనే చైనావాళ్లు గవ్వల పొడి, ఇసుక జిగురుతో అంటించి వాడారు. 1833లో లండన్‌లో జాన్ ఓకీ గాజు పొడి కాగితం వ్యాపారం మొదలుపెట్టాడు. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచెసన్ కృత్రిమ వజ్రం కోసం కొలిమి వెలిగిస్తే కార్బొరండం వచ్చింది. వజ్రం రాలేదు గానీ రుద్దే పనికి బాగా గట్టి సరుకు దొరికింది. 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ కంపెనీ పుట్టింది.

యంత్రం సంగతి వేరు. 1926లో పోర్టర్ కేబుల్ కంపెనీ చేత్తో పట్టుకునే బెల్టు సాండర్ తెచ్చింది. నేలలు, తలుపులు, ఎగుడుదిగుడు పలకలు చదును చేయడానికి దానికి సాటి లేదు. కానీ ఒక్కచోట నిలిపామా, గుంట పడుతుంది. మా రెహల్ తీగ చెక్కుడు దాని కింద అరనిమిషం కూడా నిలవదు. 1951లో జర్మనీ ఫెస్టో కంపెనీ కుదుపుతో రుద్దే ఆర్బిటల్ సాండర్ చేసింది. తర్వాత వచ్చిన గుండ్రటిది తిరుగుతూనే పక్కకి ఊగుతుంది కాబట్టి గీతలు ఒకదాని మీద ఒకటి పడి కనబడవు. ఇంటి సామాన్లకి అదే మేలు. సాదా పలక మీద 120 నంబరు, తర్వాత 180, 240. చెక్కుడు మీద మాత్రం యంత్రం వద్దు, మడిచిన రేగ్‌మాలే.

ధర కంటే ముందు దుమ్ము సంచీ ఉందో లేదో చూడమన్నాను. చెక్క దుమ్ము ముక్కులో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. మన పిల్లలు కార్ఖానాల్లో రుమాలు కట్టుకుని పని కానిస్తారు. రుమాలు ఆ సన్న దుమ్మును ఆపదు. సరైన మాస్కు కొనరా అంటే "అదేం అవసరం చిచ్చా" అంటాడు. చివరికి కొన్నాడు.

పై అంచున అబ్బా బొటనవేలు ఆనించి తెరిచేచోట చిన్న లోతు పడింది. అక్కడ ఏదీ పెట్టొద్దన్నాను.

"పెట్టను చిచ్చా. అక్కడ మొదటినుంచీ నున్నగనే ఉంది."