పిలిచినది ఎవరు?

సిరిసిల్ల నుండి భివండిలోని మరమగ్గముల వారితో మాటలాడవలెనన్న, ఒకప్పుడు ట్రంకు కాల్ తప్ప వేరు దారి లేదు. పిలువగోరినవాడు ఎక్స్ఛేంజికి ముందుగా తన నంబరు చెప్పవలెను. ఆపరేటరు దానిని వ్రాసికొని, లైను దొరికిన పిమ్మట ఆ నంబరుకే మరల పిలిచెడివాడు. వేరొకరి నంబరు చెప్పినచో ఆ పిలుపు వారింటనే మ్రోగును గాని చెప్పినవానికి దక్కదు. పిలుచువాని ఆచూకీకి ఇంతకన్న గట్టి ఏర్పాటు తరువాత రాలేదేమో యని నాకు తోచుచుండును.

అయినను ఆనాటి నియమములు నంబరునే గాని మనిషిని ఎరుగవు. 1951 నాటి భారత టెలిగ్రాఫ్ నియమములలో 427వది, టెలిఫోను వాడుకకు చందాదారుడే స్వయముగా బాధ్యుడని చెప్పినది. ఒరులను వేధించుటకు గాని అసభ్యపు మాటలకు గాని దానిని వాడరాదనియు అందే కలదు. మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో ఊరికొక టెలిఫోను ఉండుటయే గొప్పయైన దినములవి. పొరుగువారి నంబరు వ్రాసి, ప్రక్కన "పి.పి." అని చేర్చెడివారు. కిరాణా దుకాణపు సేటు టెలిఫోనులోనే పది యిండ్ల పెండ్లి కబురులు, చావు కబురులు నడచెడివి. చట్టము దృష్టిలో ఆ పది యిండ్లవారును సేటే!

పిమ్మట 0878 కరీంనగరునకు, 08732 ఆదిలాబాదునకు గుర్తులైనవి. అంకెలను బట్టి ఊరు తెలిసెడిది. సెల్ ఫోను వచ్చి ఊరి జాడను చెరిపివేసి, నంబరును మాత్రము కండ్లయెదుట నిలిపినది.

గల్ఫుకు పోయినవారి యిండ్లలో ఇది చిన్న విషయము కాదు. చౌక దారిన వచ్చెడి విదేశపు పిలుపులను కొందరు ఇంటర్నెట్టు ద్వారా తెచ్చి, ఇక్కడి సిమ్ బాక్సుల గుండా దించెదరు. దుబాయి నుండి కొడుకు పిలిచినను తల్లికి కనబడునది ఇక్కడి ఎరుగని నంబరే. అందుచేత ఏ నంబరు వచ్చినను ఆమె ఎత్తును. బ్యాంకు వారమనియు పోలీసులమనియు బెదరించు మోసగాండ్రకు కావలసినదియు నదే.

2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము, వాడుకరిని గాని సేవను గాని పరికరమును గాని ప్రత్యేకముగా గుర్తించు అంకెలకు, అక్షరములకు, చిహ్నములకు నిర్వచనము చెప్పినది. ఆ గుర్తింపును తారుమారు చేసినవారికి మూడేండ్ల వరకు ఖైదు, లేదా 50 లక్షల రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును విధింపవచ్చును. విదేశము నుండి మన దేశపు నంబరు ముసుగుతో వచ్చు పిలుపులను ఆపుటకు 2024 అక్టోబరు 22న కేంద్ర ప్రభుత్వము ఒక ఏర్పాటును ప్రారంభించినది. మొదటి ఇరువది నాలుగు గంటలలో ఆగినవి సుమారు 1.35 కోట్లు.

సిమ్ బాక్సు పిలుపు మాత్రము ఆ వలకు చిక్కదు. అందలి నంబరు దొంగది కాదు, నిజమైనదే. ఎవరో దుకాణములో వ్రేలిముద్ర వేసి తీసికొన్నది. పోలీసులు మొదట తట్టునది ఆ వ్రేలిముద్ర వేసినవాని తలుపునే.