పేరు లేని జబ్బు, తల్లి సాక్ష్యం

వైద్యశాస్త్ర చరిత్ర రాసేవారు 1934వ సంవత్సరాన్ని నార్వే శాస్త్రజ్ఞుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ పేర జమకడతారు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బును కనిపెట్టింది ఆయనే. ఆ ఘనతను కాదనటం నా వుద్దేశం కాదు. కాని ఆ జబ్బును ఆయన బల్లమీదికి తెచ్చిందెవరు? ఆ ప్రశ్న వేస్తే చరిత్ర కొంచెం వేరుగా కనిపిస్తుంది.

బోర్గ్నీ ఎగెలాండ్ అనే ఆమెకు యిద్దరు పిల్లలు. పెద్దది లివ్, 1927లో పుట్టింది. పుట్టినప్పుడు యే లోపమూ కనిపించలేదు. నడక ఆలస్యమైంది, మూడేళ్ళదాకా మాట రాలేదు, వచ్చినా నాలుగు ముక్కలే. తరువాతివాడు దాగ్ పరిస్థితి మరీ అన్యాయం: నాలుగేళ్ళవాడికి నడకా లేదు, మాటా లేదు. ఆమె యెక్కని గుమ్మం లేదు. డాక్టర్ల దగ్గర పని కాకపోతే మూలికలూ వాడి చూసింది. పిల్లల వంటినుంచి వింత వాసన వస్తున్నదని చెపితే పట్టించుకున్నవారు లేరు.

భర్త పళ్ళ డాక్టరు, ఫోలింగ్‌ను యెరిగినవాడు. ఆ పరిచయంమీదనే పిల్లల మూత్రం పరీక్షకు వెళ్ళింది. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే యెర్రబారటమో, మామూలుగా వుండిపోవటమో జరగాలి. ముదురు ఆకుపచ్చ అయింది! మందులూ మూలికలూ మాన్పించి మళ్ళీ చూసినా అదే రంగు. చివరికి ఫినైల్‌పైరువిక్ ఆమ్లమని తేల్చాడు. మాంసకృత్తుల్లో వుండే వొక పదార్థం వొంట్లో విరగక పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తున్నది. తల్లి చెప్పిన వాసనకూ మూలం ఆ లోపమే.

తరువాత ఫోలింగ్ మందబుద్ధులని ఆశ్రమాల్లో వుంచిన 430 మందిని పరీక్షిస్తే మరి యెనిమిదిమందిలో అదే ఆకుపచ్చ కనిపించింది. నేను పాఠకులను ఆగమనేది యిక్కడ. ఆ యెనిమిదిమందికీ తల్లులు వుండేవుంటారు. వాళ్ళ ముక్కులకూ ఆ వాసన తగిలే వుంటుంది. రసాయన శాస్త్రజ్ఞుణ్ణి యెరిగిన పళ్ళ డాక్టరు వాళ్ళ యిళ్ళల్లో వుండి వుండడు, అంతే తేడా. పరిశీలన పేదవాళ్ళకూ వుంటుంది. దాన్ని విననిచ్చే పరిచయాలు వుండవు.

పేరు తెలిసింది గనక ఆ పిల్లలు బాగుపడ్డారా? లేదు. దాగ్ పసితనంలోనే పోయాడు. ఆహారంతో అదుపు చెయ్యవచ్చునని 1953లో బర్మింగ్‌హాంనుంచి హార్స్ట్ బికెల్ బృందం ప్రకటించింది. అదైనా యెట్లా జరిగింది? షీలా అనే పిల్ల తల్లి రోజూ పొద్దున్నే ప్రయోగశాలకు వచ్చి, నా బిడ్డకు యేదైనా చెయ్యండని వదలక అడగబట్టి. ప్రత్యేక ఆహారంతో పిల్ల పాకింది, లేచి నిలబడింది. అప్పుడు ఆ డాక్టర్లు తల్లికి చెప్పకుండా పాత పదార్థాన్ని ఆహారంలో కలిపి చూశారు! పిల్ల మళ్ళీ దిగజారింది. రుజువు దొరికిన మాట నిజమే. అయినా దానిని నేను మెచ్చుకోలేను.

వినకపోవటం వొక యెత్తు, నిందించటం మరొక యెత్తు. 1943లో లియో కానర్ పదకొండుమంది పిల్లలను వర్ణించి ఆటిజం అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. తల్లిదండ్రుల్లో ఆప్యాయత లేకపోవటమే దానికి మూలమనే వాదం అమెరికాలో బలిసింది. ఆటిజం పిల్లవాడి తండ్రి, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే దాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు. అయినా మూడేళ్ళ తరువాత బ్రూనో బెటెల్‌హైం పాత పాటే పాడి పేరు సంపాదించాడు. శాస్త్రం ముసుగులో వచ్చిన అత్తగారి సాధింపు తప్ప అది మరొకటి కాదు.

మన దగ్గర ఆ సాధింపుకు ముసుగు కూడా అక్కర్లేదు. గ్రహణంనాడు కదిలావా, పూర్వజన్మలో యేం చేశావో అంటారు. మా అబ్బాయికి నాలుగేళ్ళు. రెండేళ్ళు దాటినా మాట రాకపోతే మా అత్తగారు వస అరగదీసి నాలుకకు రాశారు, ప్రేమతోనే. మగపిల్లలకు మాట ఆలస్యమేనన్నాడు వొక డాక్టరు. గారాబం చేశావన్నాడు యింకొకాయన. పరీక్షలన్నీ మామూలుగానే వున్నాయి గనక జబ్బు లేదన్నాడు మూడో ఆయన. మరి చెప్పులు జత చేసి గంటసేపు వరస పెట్టేవాడు, పిలిస్తే తిరగనివాడు, నా కళ్ళముందు వున్నాడే!

1984లో సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వెలిసింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, యెదుగుదల ఆలస్యాలను కూడా తాను వెదకవలసినవాటిలో చేర్చుకున్నది. యివి చిన్న విజయాలు కావు. అయితే ఆ వైద్యబృందం అంగన్‌వాడీకి వచ్చిననాడు కూలికి పోయిన తల్లి అక్కడ వుండదు. పిల్లవాడి బరువూ పొడుగూ కాగితానికెక్కుతాయి. ఆమె రాత్రీ పగలూ చూసింది యెక్కదు.

అందుకని నేను వొక నోటుబుక్కు పెట్టాను. యేనాడు యే మాట అన్నాడో, యే మాట మరిచాడో, యెన్నింటికి నిద్రపోయాడో రాస్తున్నాను. పక్కవీధిలో పాచిపని చేసే ఆమెకూ యిటువంటి కూతురే వుంది. ఆమెకు రాయటం రాదు గనక ఆమె చెప్పింది వెనక పేజీల్లో నేనే రాస్తున్నాను. వచ్చే నెల యిద్దరం కలిసే ఆసుపత్రికి వెళుతున్నాం.